ఊళ్లో పళ్ల గార తీసే పని: డెంటల్ హైజీనిస్టులకు అడుగడుగు మార్గదర్శి

క్లినిక్‌లో వాలే కుర్చీ ఉంటుంది, పైన లైటు ఉంటుంది, నోట్లో ఊరే నీళ్లు లాగే గొట్టం ఉంటుంది. ఊళ్లో ఉండేది ఓ ప్లాస్టిక్ కుర్చీ, దాని వెనక గోడ, మన నుదుటి మీది లైటు. కొత్తగా కోర్సు పూర్తిచేసినవాళ్లు అడిగేవన్నీ ఈ తేడా గురించే. ఎక్కడ మొదలుపెట్టాలి, ఏం తీసుకెళ్లాలి, ఎంతమందిని చూడగలం, ఎవరిని ముట్టుకోకూడదు?

ఇది నల్గొండ వైపు ఊళ్లలో పనిచేస్తూ కుదుర్చుకున్న క్రమం. కొంత ఉత్తరాంధ్రలో నేర్చుకున్నది. మీ ఊరికి తగ్గట్టు మార్చుకోండి. శుభ్రత గురించి, హద్దుల గురించి చెప్పినవి మాత్రం మార్చకండి.

1. మీ హద్దు ఎక్కడో ముందే తేల్చుకోండి

1948 నాటి డెంటిస్ట్స్ యాక్ట్‌లో డెంటల్ హైజీనిస్ట్ పని ఒక్క వాక్యంలో ఉంది. గార తీయడం, పళ్లు శుభ్రం చేయడం, పాలిష్ చేయడం, నోటి శుభ్రత నేర్పడం. పన్ను పీకడం, సిమెంటు నింపడం, మత్తు సూది, మందుల చీటీ మనవి కావు. రెండేళ్ల డిప్లొమా చేతికి రాగానే సరిపోదు, రాష్ట్ర డెంటల్ కౌన్సిల్‌లో పేరు నమోదై ఉండాలి. 2023లో నేషనల్ డెంటల్ కమిషన్ చట్టం కూడా వచ్చింది కాబట్టి రెన్యువల్ నియమాలు మీ కౌన్సిల్‌నే అడిగి తెలుసుకోండి.

ఊరికి పోయేది డెంటల్ సర్జన్ పర్యవేక్షణలోనే. ఆయన పక్కన ఉంటే మంచిది. పర్యవేక్షించే సర్జన్ ఎవరో కాగితం మీద లేని క్యాంపులో గార తీసే పని పెట్టుకోకండి. పళ్లు తోముకోవడం నేర్పి రండి చాలు.

ఈ హద్దును ఊరు రోజూ పరీక్షిస్తుంది. దవడ వాచిపోయి, చెయ్యి చెంపకు ఆనించుకుని ఓ పెద్దాయన వస్తాడు. "ఆ ఒక్కటి పీకెయ్యి బిడ్డా, నీకు పుణ్యముంటది" అంటాడు. మనసు ఎంత కరిగినా చెయ్యి కదపకూడదు. "నేను డాక్టర్ను కాదు తాతా, పళ్లు శుభ్రం చేసేదాన్ని. రేపు పొద్దున దవాఖానలో ఎవర్ని కలవాలో చీటీ రాసిస్తా" అనండి. వాళ్లు "డాక్టరమ్మా" అని పిలిచిన ప్రతిసారీ సరిదిద్దండి. మొదట ఇబ్బందిగా ఉంటుంది, తర్వాత ఈ ఒక్క అలవాటే మిమ్మల్ని చాలాసార్లు కాపాడుతుంది.

2. రెండోసారి వెళ్లే తేదీ ముందు, మొదటి తేదీ తర్వాత

నా లెక్కలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. అందుకే సంచి కంటే ముందు రాస్తున్నాను.

ఒక్కరోజు క్యాంపులో గార తీసి వచ్చేస్తే, తోముకునే పద్ధతి మారనివాళ్లకు కొన్ని నెలల్లో మళ్లీ పేరుకుంటుంది. అంతకంటే పెద్ద చిక్కు, గార తీశాక పళ్లు జివ్వుమంటే అడగడానికి మనిషి ఉండడు. అప్పుడు ఊరంతా ఒకటే మాట, "ఆ వచ్చినోళ్లు పళ్లు పాడుచేసి పోయిన్రు."

కాబట్టి ఇలా చేయండి:

- ముందు మూడు తేదీలు అనుకోండి: మొదటిసారి, మూడు నాలుగు వారాలకు ఒకసారి, ఆర్నెల్లకు ఒకసారి.
- మూడింటికీ సర్జన్, బండి, గది దొరుకుతాయని తేలాకే మొదటి తేదీ ఊరికి చెప్పండి.
- ఏడాదికి పది ఊళ్లు ఒక్కోసారి తిరగడం కంటే మూడు ఊళ్లు మూడేసిసార్లు తిరగడం మేలు. రిపోర్టులో పది ఊళ్లే బాగా కనిపిస్తాయి, అది వేరే సంగతి.

3. ఊళ్లోకి వెళ్లే క్రమం

నేరుగా వెళ్లి మైకు పెట్టించకండి. మొదట పీహెచ్‌సీ మెడికల్ ఆఫీసర్‌ను కలిసి తేదీ, సర్జన్ పేరు, చేసే పని ఒక కాగితం మీద ఇవ్వండి. తర్వాత ఏఎన్‌ఎమ్మును, ఆశాను కలవండి. షుగర్, బీపీ ఉన్నవాళ్ల జాబితా వాళ్ల దగ్గరే ఉంటుంది. సర్పంచ్ దగ్గరికి ఆ తర్వాత వెళ్లినా ఏమీ అనుకోడు, కానీ వెళ్లకపోతే మాత్రం అనుకుంటాడు.

బడికి వెళ్లేటట్టయితే హెడ్మాస్టర్ అనుమతి, తల్లిదండ్రుల సంతకాలు ముందుగానే ఉండాలి. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందం ఆ బడికి ఎప్పుడొస్తుందో కనుక్కోండి. వాళ్లు పిల్లల పళ్లు కూడా చూస్తారు. ఒకే వారంలో ఇద్దరూ వెళ్లి అవే నోళ్లు తెరిపించడంలో అర్థం లేదు.

తేదీ పెట్టేముందు పొలం వైపు చూడండి. నాట్ల రోజుల్లో, పత్తి ఏరే రోజుల్లో పగలు ఊళ్లో ఎవరూ ఉండరు. ఎండాకాలం పొద్దున్నే ఉపాధి హామీ పనికి పోతారు. అప్పుడు క్యాంపు పెట్టే బదులు పని దగ్గరికే వెళ్లి, నీళ్లు తాగడానికి చెట్టు కిందికి చేరినప్పుడు పావుగంట మాట్లాడండి. డ్వాక్రా సంఘం మీటింగు రోజు అన్నిటికంటే మంచిది. పండుగ రోజులు వద్దు. పట్నం నుంచి వచ్చినవాళ్లు వరుసలో ముందు నిలబడతారు, రెండోసారి వాళ్లు ఊళ్లో ఉండరు.

ఊళ్లో తిరిగేటప్పుడు కిరాణా కొట్టుకు కూడా వెళ్లండి. ఏ బ్రష్ అమ్ముతున్నారో చూసి, బొటనవేలితో కుచ్చు నొక్కండి. చాలా కొట్లలో దొరికేది గట్టిది. మెత్తటివి ఓ డజను తెప్పించమని ముందే అడగండి. అక్కడ దొరకని బ్రష్ గురించి క్యాంపులో గంట చెప్పి ఏం లాభం?

4. సంచి సర్దడం

ముందు లెక్క. చేత్తో గార తీసేటప్పుడు బాగా పేరుకున్న నోటికి నాకు 40 నిమిషాలు పడుతుంది. నమోదు, ప్రశ్నలు, నేర్పడం కలిపితే రోజుకు 8 మంది, మహా అయితే 10 మంది. వందమంది వస్తే వందమందినీ చూడవచ్చు. గార తీయడం మాత్రం పదిమందికే. మిగతావాళ్లకు రెండో తేదీ రాసివ్వండి.

పదిమంది అంటే పన్నెండు సెట్లు. కింద పడేవి ఎలాగూ ఉంటాయి.

పరికరాలు:
- ఒక్కో సెట్‌లో మౌత్ మిర్రర్ (నోట్లో పెట్టి చూసే చిన్న అద్దం), ప్రోబ్ (పంటిని తడిమి చూసే సన్న మొన), ట్వీజర్స్, సికిల్ స్కేలర్ (కొడవలి మొనతో గార తీసేది), యూనివర్సల్ క్యూరెట్ (గుండ్రటి కొనతో గార తీసేది). ఏ సెట్‌కు ఆ సెట్ విడిగా ప్యాక్ చేసి, స్టెరిలైజ్ చేసిన తేదీ రాసి ఉండాలి.
- పదును పెట్టే రాయి. ఇది సర్దుకునేటప్పుడు, అంటే ముందురోజు వాడటానికి. క్యాంపులో రోగికి రోగికి మధ్య కాదు.
- నుదుటి లైటు, అదనపు బ్యాటరీలు.
- బీపీ మిషన్.

రక్షణ:
- గ్లౌజులు (రెండు సైజులు), మాస్కులు, కళ్లద్దాలు. రోగి కళ్లకు కూడా ఒక జత. గార ముక్క కంట్లో పడితే చిన్న విషయం కాదు.
- సబ్బు, చేతులకు రాసుకునే శానిటైజర్, సోడియం హైపోక్లోరైట్ (బ్లీచింగ్ ద్రవం).
- పసుపు, ఎరుపు సంచులు, సూదిమొనలు గుచ్చుకుపోని తెల్ల డబ్బా.

మిగతావి:
- గాజు గుడ్డ, దూది, వాడి పారేసే గ్లాసులు, మూత ఉన్న బకెట్లు రెండు.
- 20 లీటర్ల తాగునీటి క్యాన్లు రెండు. ఊరి ట్యాంకు మీద భరోసా పెట్టుకోకండి.
- చేతి అద్దం. చౌకది చాలు, కానీ మరిచిపోకూడదు. ఎందుకో ఎనిమిదో అంశంలో చెబుతాను.
- పెద్ద పళ్ల బొమ్మ, బ్రష్, రిజిస్టరు, రెఫరల్ చీటీలు.

కరెంటుతో నడిచే స్కేలర్ తీసుకెళ్లాలా? తీసుకెళ్లండి, కానీ రోజంతా దాని మీద నడిచేలా పథకం వేయకండి. కరెంటు పోతుంది, వోల్టేజీ ఊగుతుంది. పైగా అది నీటి తుంపరను గదంతా చల్లుతుంది. కిటికీలు తెరవని అంగన్వాడీ గదిలో అది ఎవరికీ మంచిది కాదు. చేతి పరికరాల మీద పట్టు ఉన్నవాళ్లకే ఊరి పని సాగుతుంది.

మీ ఒంటికి సంబంధించిన సరుకు కూడా ఉంది. హెపటైటిస్ బి టీకా మూడు డోసులు (మొదటిది, నెలకు రెండోది, ఆరో నెలలో మూడోది) పూర్తి కాకుండా రక్తం తగిలే పనికి వెళ్లకండి.

5. గది సర్దడం

సబ్ సెంటర్, పంచాయతీ ఆఫీసు, బడి వరండా, ఏదైనా సరే. చూడాల్సినవి గాలి, వెలుతురు, చేతులు కడుక్కోవడానికి చోటు.

కుర్చీని గోడకు ఆనించి, తల వెనక దుప్పటి మడిచి పెట్టండి. రోగి ముఖం కిటికీ వైపు ఉండాలి. మీరు నిలబడి చేస్తే మధ్యాహ్నానికి నడుము పట్టేస్తుంది. ఒక ఎత్తు స్టూలు అడిగి తీసుకోండి.

గదిని మనసులో రెండుగా కోయండి. తలుపు వైపు వాడేసినవి, లోపలి వైపు శుభ్రమైనవి. వాడిన పరికరం ఎప్పుడూ లోపలి వైపు రాకూడదు. నేలమీద సుద్దముక్కతో గీత గీస్తే ఆశా కూడా పొరపాటు చేయదు.

ఇంకో మాట. నోరు తెరిచి కూర్చున్న మనిషిని ఊరంతా చుట్టూ నిలబడి చూస్తుంటుంది. ఓ చీర అడ్డంగా కట్టండి. ముఖ్యంగా ఆడవాళ్లు ఆ చీర ఉంటేనే పొగాకు సంగతి నోరు విప్పి చెబుతారు.

6. నోరు తెరిపించే ముందు అడగాల్సినవి

"ఆరోగ్యం బాగుందా?" అని అడిగితే "బాగనే ఉంది" అంటారు. మాత్రలు ఏం వేసుకుంటున్నారని అడగండి. ఇంటి నుంచి మాత్రల పట్టీ తెమ్మనడం ఇంకా మంచిది. ముందురోజు ఆశాతో చెప్పించండి.

- గుండె ఆపరేషన్, వాల్వ్ మార్పిడి, గతంలో గుండె లోపలి పొరకు ఇన్‌ఫెక్షన్: గార ముట్టుకోవద్దు. ముందుగా యాంటీబయోటిక్ కావాలేమో డాక్టరు తేల్చాలి.
- రక్తం పలచబడే మాత్రలు: సర్జన్‌కు చెప్పండి. "రెండ్రోజులు ఆపి రండి" అని మనం అనకూడదు. ఆ మాట వల్ల ప్రాణం మీదికి రావచ్చు.
- బీపీ: పదినిమిషాలు కూర్చోబెట్టాకే చూడండి. 180/110 లేదా అంతకుమించి ఉంటే ఈరోజు పని లేదు, పీహెచ్‌సీకి పంపండి.
- షుగర్: చివరిసారి ఎప్పుడు పరీక్ష చేయించారు, ఎంత ఉంది? అదుపులో లేకపోతే వాయిదా. చిగుళ్ల వాపుకు, షుగర్‌కు రెండువైపులా సంబంధం ఉందని అప్పుడే చెప్పండి.
- గర్భం: నాలుగు నుంచి ఆరు నెలల మధ్య అనువైన సమయం. చివరి నెలల్లో వెల్లకిలా ఎక్కువసేపు పడుకోబెట్టకండి. కడుపుతో ఉన్నప్పుడు చిగుళ్లు వాచి రక్తం కారడం మామూలే, తోముకోవడం మాత్రం మానకూడదు.
- దగ్గు రెండు వారాలు దాటిందా? అలాంటి మనిషికి ముందు టీబీ కోసం కళ్లె పరీక్ష, తర్వాతే గార.

7. నోరు చూసే క్రమం

పళ్లతో మొదలుపెట్టకండి. పళ్ల మీద చూపు పడితే మిగతావి మరిచిపోతాం. ఎప్పుడూ ఒకే వరుస పాటించండి: పెదవులు, బుగ్గల లోపలి పొర, నాలుక పైన, పక్కలు, నాలుక కింద, అంగిలి, చివరికి చిగుళ్లు, పళ్లు.

నోరు ఎంత తెరుచుకుంటుందో వాళ్ల వేళ్లతోనే కొలవమనండి. మూడు వేళ్లు నిలువుగా పట్టాలి. రెండే పడితే, కారం తగిలితే మంట అంటే, బుగ్గ లోపల తెల్లగా, బిగుసుకున్న తాళ్లలా తగిలితే అది గుట్కా, వక్క తెచ్చిన జబ్బు కావచ్చు. సర్జన్ చూడాలి.

శ్రీకాకుళం, విశాఖ తీరం వైపు పనిచేసేవాళ్లు అంగిలిని వదలకండి. అక్కడ పెద్దవయసు ఆడవాళ్లలో అడ్డచుట్ట తాగే అలవాటు ఉంది. నిప్పు ఉన్న కొనను నోటి లోపల పెట్టుకుని పీలుస్తారు. వేడి, పొగ తగిలేది నేరుగా అంగిలికే. తల వెనక్కి వాల్చి, అద్దం పెట్టి చూడకపోతే అక్కడి మచ్చ కనబడదు. చుట్ట సంగతి అడిగేటప్పుడు మొహంలో ఆశ్చర్యం కనబడనివ్వకండి. "రోజుకు ఎన్ని, అమ్మా?" అని అడిగితే చెబుతారు. "తాగుతావా?" అని అడిగితే లేదంటారు.

వెంటనే పంపాల్సినవి:
- రెండు వారాలు దాటినా మానని పుండు
- దూదితో తుడిచినా పోని తెల్ల మచ్చ, లేదా ఎర్ర మచ్చ
- కారణం లేకుండా కదులుతున్న పన్ను, పక్కనే గడ్డ
- మెడలో నొప్పి లేని గట్టి గడ్డ
- ముఖం వాచి, జ్వరం, మింగలేకపోవడం (ఇది ఆ రోజే వెళ్లాలి, రేపు కాదు)

8. గార తీయడం

ముందు చేతి అద్దం ఇవ్వండి. గార ఎక్కడుందో, చిగురు ఎక్కడ దిగిపోయిందో, ఏ పన్ను ఇప్పటికే కదులుతోందో వాళ్లనే చూడనివ్వండి.

ఇది నేను ఒక తప్పు చేసి నేర్చుకున్నాను. మొదటి ఏడాది ఓ తాత కింది ముందుపళ్ల వెనక రాయిలా పేరుకున్న గార తీశాను. ఆ గారే ఆ నాలుగు పళ్లనూ ఒకదానికొకటి అతికించి పట్టుకుంది. తీయగానే పళ్లు ఊగాయి. ముందు చెప్పలేదు, చూపించలేదు. మళ్లీ వెళ్లేసరికి వరుసలో ఇద్దరే ఉన్నారు. "గార దీస్తే పండ్లు కదులుతయంట గదా" అని ఊరంతా పాకింది. ఆ ఊళ్లో మాట తిరిగి నిలబెట్టుకోవడానికి ఏడాది పట్టింది. ఇప్పుడు ఎక్కువ కదిలే పన్ను ఉంటే ముందు సర్జన్‌కు చూపిస్తాను. ఆయన సరేనన్నాకే, రోగి అద్దంలో చూసి ఒప్పుకున్నాకే చేస్తాను.

ఇక పని:

మొదటి మెట్టు. గార ఎక్కువగా పేరుకునేవి రెండు చోట్లు. కింది ముందుపళ్ల వెనక, పై దవడపళ్ల బుగ్గ వైపు. లాలాజలం నోట్లోకి వచ్చే ద్వారాలు అక్కడే. అయినా అక్కడక్కడ గీకుతూ తిరగకండి. కింద కుడి చివర మొదలుపెట్టి ఎడమకు, తర్వాత పైన. అలసిపోయినా వరుస తప్పరు.

రెండో మెట్టు. ఉంగరం వేలు గట్టి పన్ను మీద ఆనాలి. ఆనకుండా పట్టుకున్న స్కేలర్ జారి చిగురులో దిగుతుంది. కుర్చీ తిన్నగా లేని చోట ఇది రెండింతలు ముఖ్యం.

మూడో మెట్టు. మొనను గార కిందికి చేర్చి, పన్ను కొస వైపు చిన్న చిన్నగా లాగండి. పొట్టు గీరినట్టు పైపైన గీరకండి. మొద్దుబారిన పరికరంతో గీరితే గార పోదు, నున్నగా మెరుస్తూ అక్కడే ఉంటుంది. కంటికి శుభ్రంగా కనబడుతుంది, ప్రోబ్‌కు కూడా తేలిగ్గా దొరకదు. కంటిని ఒక్కదాన్నే నమ్మకండి, ప్రోబ్‌తో జాగ్రత్తగా తడిమి చూడండి.

నాలుగో మెట్టు. మరీ ఎక్కువ ఉంటే ఈసారి కింది వరుస, మళ్లీ వచ్చినప్పుడు పై వరుస. రెండో తేదీ ఉంది కాబట్టే ఈ వెసులుబాటు.

అయిదో మెట్టు. గాజు గుడ్డతో కాసేపు నొక్కి రక్తం ఆగిందో లేదో చూసి, అద్దం మళ్లీ ఇచ్చి పంపండి.

ఇంటికి వెళ్లేముందు నోటితో చెప్పి, చీటీ మీద కూడా రాయాల్సినవి: కొన్నాళ్లు చల్లటిది తగిలితే జివ్వుమంటుంది, తగ్గిపోతుంది. పళ్ల మధ్య సందు కనిపిస్తుంది, అది గార ఉన్న చోటు. ఈ రాత్రికి కారం తగ్గించండి. గోరువెచ్చని గ్లాసెడు నీళ్లలో అర చెంచా ఉప్పు వేసి పుక్కిలించండి. రక్తం ఆగకపోతే ఈ నంబరుకు ఫోన్ చేయండి.

ఫ్లోరైడ్ మచ్చల గురించి ఒక మాట. నల్గొండలో మర్రిగూడ, మునుగోడు వైపు, ఉమ్మడి ప్రకాశంలో కనిగిరి వైపు పెరిగినవాళ్ల పళ్ల మీద గోధుమరంగు చారలు చూస్తారు. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన చోట, పన్ను చిగురు లోపల తయారవుతున్న చిన్న వయసులోనే పడే మచ్చ అది. గార పన్ను పైన ఉంటుంది, ఇది పన్నులోనే ఉంటుంది. స్కేలర్‌తో పోదు. పెళ్లికి ముందు తీసేయమని వచ్చిన అమ్మాయికి ఈ మాట మెల్లగా, కానీ తేటగా చెప్పి సర్జన్ దగ్గరికి పంపండి. లేకపోతే సంతలో ఏదో ఆమ్లం పూసి తెల్లగా చేస్తామనేవాళ్ల చేతిలో పడుతుంది, పంటి మీద ఉన్న పింగాణీ పొర (ఎనామెల్) కూడా పోతుంది.

9. తోముకోవడం నేర్పడం

ఉపన్యాసం వద్దు. ముందు వాళ్లు ఎలా తోముకుంటారో చేసి చూపమనండి, మీరు చూడండి.

వేపపుల్లను తిట్టకండి. నేను తిట్టినన్నాళ్లూ ఎవరూ వినలేదు. పుల్ల కొస బాగా నమిలి కుంచెలా చేసి, చిగురు వైపు నుంచి పన్ను కొస వైపు తోమమని, పళ్ల లోపలి వైపు కూడా వదలొద్దని చెబితే వింటారు. బొగ్గు, ఇటుకపొడి, గరుకు ఎర్ర పొడులు మాత్రం మాన్పించాలి. పంటి మెడ దగ్గర అడ్డంగా కోత పడిన పన్నును అద్దంలో చూపించండి. మాటకంటే ఆ గాడి బాగా పనిచేస్తుంది.

బ్రష్ అయితే: మెత్తటిది, చిగురు అంచున ఏటవాలుగా ఆనించి చిన్న చిన్న కదలికలు, రెండు నిమిషాలు, రోజుకు రెండుసార్లు. కుచ్చు విచ్చుకుంటే, లేదా మూడు నెలలకు మార్చాలి. మూడేళ్ల లోపు పిల్లలకు పేస్టు బియ్యపు గింజంత, ఆరేళ్ల వరకు బఠాణీ గింజంత. ఫ్లోరైడ్ ఊళ్లలో పిల్లలు పేస్టు మింగకుండా పెద్దవాళ్లు పక్కనే ఉండాలి. పిల్లలకు ఏ పేస్టు అన్నది సర్జన్‌ను అడిగి, ఊరంతటికీ ఒకే మాట చెప్పండి.

రాత్రిపూట తోముకోవడమే అసలు కష్టం. "రాత్రి తోముకోండి" అంటే తల ఊపుతారు. "అన్నం తిన్నాక గిన్నెలు కడిగేటప్పుడు" అని పనికి ముడిపెడితే గుర్తుంటుంది.

తల్లులకు తప్పక చూపాల్సింది ఆరో ఏట వచ్చే దవడ పన్ను. ముందు ఏ పాలపన్నూ ఊడకుండానే, వరుస చివర అది వస్తుంది. అందుకే దాన్నీ పాలపన్ను అనుకుని "పుచ్చితే పుచ్చిందిలే, ఊడిపోతుంది కదా" అంటారు. ఊడదు, జన్మకంతా అదే. అంగన్వాడీలో ఆరేళ్ల పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుని, తల్లి వేలు పట్టుకుని ఆ పన్ను మీద పెట్టించండి. వేలికి తగిలినది మరిచిపోరు.

పొగాకు మానాలనుకునేవాళ్లకు జాతీయ క్విట్‌లైన్ 1800-11-2356 రెఫరల్ చీటీ వెనక అచ్చు వేయించండి. ఫోన్ ఉచితం.

10. సాయంత్రం పని: కడగడం, చెత్త

అలసట వల్ల తప్పులు జరిగేది ఇక్కడే. అందుకే చివరి రోగిని మూడున్నరకే ఆపేయండి.

- వాడిన పరికరాలు ఎండిపోనివ్వకండి. డిటర్జెంట్ నీళ్లలో ముంచి, మూత ఉన్న బకెట్లో తీసుకెళ్లండి. హైపోక్లోరైట్‌లో రాత్రంతా నానబెడితే స్టీలు తుప్పు పడుతుంది.
- మందపాటి గ్లౌజులతో బ్రష్ పెట్టి రుద్ది, కడిగి, పూర్తిగా ఆరబెట్టాకే ప్యాక్ చేయండి.
- ఆటోక్లేవ్‌లో (ఒత్తిడితో కూడిన ఆవిరితో స్టెరిలైజ్ చేసే యంత్రం) 121 డిగ్రీలు, 15 పౌండ్ల ఒత్తిడి చేరాక లెక్క మొదలు. ప్యాక్ చేసినవాటికి 30 నిమిషాలు.
- ప్యాక్ మీద అంటించిన ఆటోక్లేవ్ టేపు రంగు మారితే వేడి తగిలిందని మాత్రమే. లోపల సూక్ష్మజీవి చచ్చిందో లేదో టేపు చెప్పదు.
- నీళ్లలో మరిగించడం స్టెరిలైజేషన్ కాదు. "ఈ ఒక్కరోజుకు" అనే మాట కూడా వద్దు.

రక్తం అంటిన దూది, గాజు గుడ్డ పసుపు సంచిలోకి. గ్లౌజులు ఎరుపులోకి. మొనదేలినవి తెల్ల డబ్బాలోకి. అన్నీ పీహెచ్‌సీకే వెళ్లాలి, 48 గంటలు దాటి ఉంచకూడదు. బడి వెనక తగలబెట్టించకండి.

మీ వేలికి స్కేలర్ గుచ్చుకుంటే నొక్కి పిండకండి. సబ్బు, నీళ్లతో కడిగి వెంటనే మెడికల్ ఆఫీసర్‌కు చెప్పండి. హెచ్‌ఐవీ రాకుండా వేసుకునే మందులు వీలైతే రెండు గంటల్లో, ఎట్టి పరిస్థితిలో 72 గంటల లోపు మొదలుపెట్టాలి.

11. పంపినవాళ్లు వెళ్లారా?

"హైదరాబాద్ పో" అని చీటీ ఇస్తే ఎవరూ పోరు. చీటీలో ఏ దవాఖాన, ఏ రోజు, పొద్దున ఎన్నింటికల్లా ఉండాలి, ఆధార్ కార్డుతో పాటు ఏం తీసుకెళ్లాలి అన్నీ ఉండాలి. ముందు దగ్గర్లోని సీహెచ్‌సీ లేదా ఏరియా ఆస్పత్రిలోని డెంటల్ సర్జన్. అక్కడ కాకపోతే ప్రభుత్వ డెంటల్ కాలేజీలు హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో, విజయవాడలో, కడపలో ఉన్నాయి. క్యాన్సర్ అనుమానమైతే సర్జన్ ద్వారా హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రికి, ఉత్తరాంధ్ర వాళ్లు విశాఖ హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రికి.

ఒకే ఊరి నుంచి ఇద్దరు ముగ్గురుంటే ఒకే రోజు, ఒకే బస్సుకు పంపండి. ఒంటరిగా బస్టాండు దాకా వచ్చి వెనక్కి వెళ్లిపోయినవాళ్లు నాకు తెలుసు.

ముక్క పరీక్షకు (బయాప్సీకి) పంపేటప్పుడు క్యాన్సర్ అని మీరే తేల్చి చెప్పకండి. "ఏమీ కాదులే" అని కూడా అనకండి. "ఇది వదిలేసే మచ్చ కాదమ్మా, పరీక్ష చేస్తేనే తెలుస్తుంది. వారంలో వెళ్లాలి" అనండి. వారం తర్వాత ఫోన్ చేయండి. ఫోన్ ఎత్తకపోతే ఆశాకు చేయండి.

12. తరచూ జరిగే పొరపాట్లు

- చీకటి పడేదాకా రోగులను తీసుకోవడం. మందు: టోకెన్లు పది, అంతే. పదకొండోవాడు సర్పంచ్ బావమరిది అయినా సరే.
- పిల్లలందరికీ ఒకే అద్దం తిప్పడం. మందు: అద్దాలు చాలకపోతే ఆ రోజు టార్చి వెలుగులో బయటినుంచే చూసి, అనుమానం ఉన్నవాళ్లను మాత్రమే అద్దంతో చూడండి.
- బ్రష్‌లు ఉచితంగా పంచి ఫొటో దిగి రావడం. మందు: ఫొటో వద్దనను. కానీ పంచిన రోజే దాని మీద పేరు రాయించి, రెండోసారి ఆ బ్రష్ తెమ్మనండి. కుచ్చు చూస్తే కథంతా తెలుస్తుంది. కొత్తది కొత్తగానే ఉంటే వాడలేదు.
- రిజిస్టరులో పేరు, వయసు మాత్రమే రాయడం. మందు: ఇంటి గుర్తు, ఇంట్లో ఫోన్ ఎవరి దగ్గర ఉంటుందో రాయండి. ఒకే పేరుతో ఊళ్లో నలుగురు లక్ష్మమ్మలుంటారు.

13. రెండోసారి వెళ్లిన రోజు

పరికరాలు తీయకముందు పాత రిజిస్టరు తెరవండి. గార తీసినవాళ్లను ఒక్కొక్కరినే పిలిచి, మొదటిసారి రక్తం కారిన చోట్లే ప్రోబ్‌తో మెల్లగా తాకి, ఇప్పుడు ఎన్ని చోట్ల కారుతోందో పక్క గడిలో రాయండి. 14 ఉన్నది 5కు వస్తే ఆ అంకె అద్దంతో పాటు చూపించండి. తగ్గకపోతే మళ్లీ గార తీయడానికి తొందరపడకండి, తోముకునే పద్ధతి మళ్లీ చూడండి.

తర్వాత రెఫరల్ జాబితా. వెళ్లినవాళ్ల చీటీ వెనక ఏం రాశారో చదివి రిజిస్టరులోకి ఎక్కించండి. వెళ్లనివాళ్ల ఇంటికి ఆశాతో కలిసి నడిచి వెళ్లండి. సగం మంది విషయంలో కారణం బస్సు చార్జీయో, పొలంలో పనో, తోడు మనిషి లేకపోవడమో అయి ఉంటుంది.

ఆ రెండూ అయ్యాకే కొత్త టోకెన్లు. సాయంత్రం బయల్దేరేముందు ఆర్నెల్ల తేదీని సబ్ సెంటర్ గోడకున్న క్యాలెండర్ మీద ఎర్ర పెన్నుతో చుట్టి, అదే తేదీ ఏఎన్‌ఎమ్ము ఫోన్‌లో కూడా పెట్టించండి.